మధ్యలో మనిషి

జూన్ 2, ఆదివారం

పిట్టా,

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్లో మనిద్దరం ఏం మాట్లాడుతున్నాం చెప్పు. నేను "ఊఁ" అంటాను, నువ్వు "ఊఁ" అంటావు, "సిగ్నల్ సరిగా లేదు అత్తయ్యా" అని పెట్టేస్తావు. సిగ్నల్ బాగానే ఉంటుంది. అందుకని కాగితం తీశాను. నా చదువు ఐదో క్లాసుతో సరి, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడితే అక్కడ పడతాయి, నువ్వే సర్దుకుని చదువుకో.

నువ్వు ఏర్పాటు చేసిన ఆ అమ్మాయి నిన్న సాయంత్రం ఫోన్లో కనపడింది. లైసెన్సు ఉన్న సోషల్ వర్కర్ అన్నావు. మాట్లాడటానికి లైసెన్సేంటే తల్లీ, బస్సు నడపడానికంటే అర్థముంది. ఆ లెక్కన మన కింద వాటాలో ఇస్త్రీ ఆవిడ ఈ పాటికి జైల్లో ఉండాలి. పైగా ఆవిడే నన్ను అడిగింది, "పిచ్చోళ్ళని చూసే డాక్టరట కదా నీకు" అని. "కాదమ్మా, నీలాంటోళ్ళ మాటలు విని అలిసిపోయినవాళ్ళని చూసే మనిషి" అన్నాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, ప్రాణం హాయిగా ఉంది.

మనిషి వస్తోంది కదా అని ఇల్లు ఊడ్చాను. మంచం మీద దుప్పటి మార్చాను. వాడి పనిముట్ల సంచి తలుపు వెనక్కి జరిపాను. స్టూలు మీద ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి పెట్టి, దాని ముందు ఒక కప్పు టీ పెట్టాను. ఆ అమ్మాయి మొదట్లో ఏవో నియమాలు చెప్పింది, నేను సరిగా వినలేదు, ఆ కప్పు ఆవిడకి కనపడుతోందా లేదా అని చూసుకుంటున్నాను. చివరికి ఆవిడే, "ఈ కప్పు ఎవరికండీ?" అంది. "మీకేనమ్మా" అన్నాను. నవ్వి తన కప్పు తీసి చూపించింది. ఇద్దరం తాగాం. చల్లారిపోతుందని ఆవిడది కూడా నేనే తాగాను.

"ఎలా ఉన్నారు" అంటే "బాగున్నానమ్మా, మీరెలా ఉన్నారు, ఇంట్లో ఎంతమంది" అన్నాను. "ఈ గంట మీదండీ" అంటుంది. గంటకి నాదీ నీదీ ఏంటి? వాడి సంగతి కూడా అడిగింది. "మా అబ్బాయిని జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్ళామమ్మా, మళ్ళీ ఇంటికి రాలేదు, నాలుగు నెలలైంది" అని చెప్పి మాట మార్చేశాను. ఇంటికొచ్చిన మనిషి ముందు ఏడుపు మొహం పెడతామా? ఆవిడ చొక్కాకి భుజం దగ్గర కుట్టు జారింది, ఫోన్లోనే కనిపెట్టాను. మా షాపుకి తెస్తే సరిచేసి పెడతానన్నాను. మంచి పిల్ల, కానీ పాపం ఎవరూ లేరేమో, ఊళ్ళోవాళ్ళ కష్టాలు వింటూ కూర్చుంది.

ఇంకో సంగతి. ఇంటాయన వచ్చాడు. వాళ్ళమ్మాయికి మన వాటా కావాలట. రెండు గదులూ ఉంచుకుంటావా, ఒక్కదానివే కదా మేడ మీద ఒంటి గదికి మారతావా, జూలై నెలాఖరులోగా చెప్పు అన్నాడు. ముందు గది మీ ఇద్దరిదీ. కళ్ళద్దాల పని నేర్చుకుంటానని నువ్వు వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. రోజూ తుడుస్తున్నాను. ఆయనకి నేనేం చెప్పలేదు.

ఉంటాను. షాపులో మాస్టారు ఎవరిదో పెళ్ళి కోటు నా నెత్తిన పడేశాడు, చేతులు పొట్టి చెయ్యాలట.

నీ అత్తయ్య


జూన్ 11

అత్తయ్యకి,

మీ ఉత్తరం క్యాంటీన్లో చదివాను. టీ కప్పు దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక పైకే నవ్వేశాను, మా సూపర్‌వైజర్ తల తిప్పి చూశాడు. ఇక్కడికొచ్చాక నేను నవ్వడం ఆయన చూడటం అదే మొదలు.

నాకిప్పుడు అద్దం అంచు అరగదీసే మిషను ఇచ్చారు. నీళ్ళు చిమ్ముతూ అరుగుతుంది, తెల్లటి బురద గోళ్ళలో దూరి రాత్రికి కూడా పోదు. మధ్యాహ్నాలు ముందు షాపులో కూర్చోబెట్టి కొలతలు తీయిస్తారు. మొన్న ఒక ముసలాయన కొత్త అద్దాలు పెట్టుకుని పక్కనున్న భార్యని చూసి, "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ పాతవే ఇచ్చెయ్, మా సంసారం సుఖంగా ఉంటుంది" అంది.

అత్తయ్యా, ఆ అమ్మాయి చుట్టం కాదు. ఎవరూ లేని పిల్ల అసలే కాదు. దానికోసం చదువుకుని, పరీక్ష రాసి, పెద్దవాళ్ళ దగ్గర పని నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న మనిషి. నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, ఇంట్లోవాళ్ళతో మాట కలవకపోవడం, ఇలా మామూలు బతుకులో వచ్చే కష్టాలు విని దారి వెతకడానికి సాయం చెయ్యడమే ఆవిడ ఉద్యోగం. మా కంపెనీ వాళ్ళు ఇంట్లోవాళ్ళకి కూడా ఈ వీలు కల్పించారు కాబట్టి మీ పేరు ఇచ్చాను. ఆవిడ ముందు మంచి మొహం పెట్టుకోకండి. మనసులో ఉన్నది చెప్పండి. నాకు చెప్పలేనివి ఆవిడకి చెప్పండి. ముఖ్యంగా అవే చెప్పండి.

ఇంటి సంగతి నిదానంగా చూద్దాం.

మీ కోడలు


జూన్ 23, ఆదివారం

పిట్టా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివితే గానీ నీ తెలివి నాకు అందలేదు.

ఇవాళ చేతికి పని లేదు, వాడే కళ్ళముందు తిరుగుతున్నాడు. మన వంటింట్లో ఇద్దరు నిలబడితే వీపులు తగులుతాయి. అంత దగ్గర నిలబడి కూడా నేను నీతో అనేదాన్ని కాదు, "ఒరేయ్, మీ ఆవిడకి చెప్పు, పొయ్యి తగ్గించమని" అని వాడితో అనేదాన్ని. నువ్వూ తక్కువ తిన్నావా? "మీ అమ్మగారికి చెప్పు, తగ్గించాను అని" అనేదానివి. వాడు గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, "ఊరంతా లిఫ్టులు బాగు చేసి ఇంటికొస్తే, ఇక్కడ నేనే లిఫ్టుని. ఈ అంతస్తు మాట ఆ అంతస్తుకి, ఆ అంతస్తు మాట ఈ అంతస్తుకి" అని ఏడ్చేవాడు. మనకి గొడవలేం లేవు. అలవాటు అలా పడింది, అంతే. పెద్ద మాటైనా చిన్న మాటైనా వాడి మీదుగానే వెళ్ళేది, వెళ్ళాక మళ్ళీ మనిద్దరం ఎదురుగా ఆ ఊసు ఎత్తేవాళ్ళం కాదు.

వాడు పోయాక ఇక మన మాటలకి దిక్కెవరు అనుకున్నాను. నువ్వు బాగా ఆలోచించావు, తల్లీ.

నువ్వు చెప్పినట్టే మొన్న ఆ లైసెన్సు అమ్మాయితో మనసులో ఉన్నదంతా చెప్పాను. ఎన్నాళ్ళ నుంచో గొంతులో అడ్డం పడినది. చెప్పాక మిషను మీద కూర్చుంటే దారం కూడా తెగలేదు. ఏం చెప్పానో ఇక్కడ రాయను, మళ్ళీ రాయక్కర్లేదు కదా. నువ్వు నిదానంగా ఆలోచించుకో, నేను తొందరపెట్టను. ఇంటాయన కూడా జూలై నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

ఆ పెళ్ళి కోటు పని అయింది. పెళ్ళికొడుకు వేసుకుని చూసి, చేతులు ఇప్పుడు పొడుగయ్యాయన్నాడు. చేతులు కాదు నాయనా, భయానికి నువ్వే ముడుచుకుపోయావు అన్నాను.

నీ జవాబు కోసం చూస్తూ,
అత్తయ్య


జూలై 3

అత్తయ్యకి,

మీరు ఆవిడతో మనసు విప్పారని చదివి ఎంత సంతోషం వేసిందో. ఏం చెప్పారో నాకు రాయనందుకు ఇంకా సంతోషం. అది మీ సొంతం. నేను అడగను, మీరు చెప్పబోయినా వినను. ఆ గంట మీకు మాత్రమే ఉండాలి.

గది సంగతి ఆలోచించమన్నారు. అందులో నేను ఆలోచించేదేముంది? ఉండేది మీరు. మీకెలా తోస్తే అలా చెయ్యండి, నా గురించి చూడకండి.

ఇక్కడ నేర్చుకునే గడువు ఏడాది చివరిదాకా పెంచారు. ఆ తర్వాత ఇక్కడే పర్మనెంటు చేసే వీలుంది అంటున్నారు. నేను ఔననీ కాదనీ చెప్పలేదు. పని బాగుంది. హాస్టల్ గదిలో కిటికీ మాత్రం గోడలోకి తెరుచుకుంటుంది, పొద్దున ఏ టైమయిందో తెలియదు, మా గదిలో ఉండే నర్సు కాఫీ వాసనని బట్టి లేస్తాను.

పని ఎక్కువగా ఉంది, ఇంతే రాస్తున్నాను. మోకాలికి నూనె రాసుకుంటున్నారా?

మీ కోడలు


జూలై 10

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. అర్థమైంది. అడగను, వినను అని నువ్వు అంత విడమరిచి రాశాక ఇంకా అర్థం కాకపోవడానికి నేను చిన్నపిల్లని కాదు.

ఇంటాయనకి చెప్పేశాను, మేడ మీద ఒంటి గదికి మారతానని. ఆగస్టు మధ్యలో ఖాళీ చెయ్యాలి. నీ బట్టలు, నీ పుస్తకాలు, నీ గాజు బొమ్మ అన్నీ అట్టపెట్టెల్లో సర్ది తాడు కట్టాను. బొమ్మకి గుడ్డ చుట్టాను, పగలదు. ఎక్కడికి పంపమంటావో చెబితే పంపిస్తాను. వాడివి నా దగ్గరే ఉంచుకుంటాను.

ఉద్యోగం పర్మనెంటు చేస్తామంటే మంచిదే. నీకింకా చిన్న వయసు. నా గురించి దిగులు పెట్టుకోకు. ఆ లైసెన్సు అమ్మాయి వారం వారం నా మాట వింటోంది, సొంత మనుషులు వినకపోయినా.

మోకాలు బాగానే ఉంది.

ఇట్లు,
వాడి అమ్మ


జూలై 16

అత్తయ్యా,

నేనేం చేశాను?

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు తలా తోకా తెలియడం లేదు. నా సామాను ఎవరు కట్టమన్నారు? ఎక్కడికి పంపమంటారు, గోడలోకి కిటికీ ఉన్న ఈ గదిలోకా? నేను పని నేర్చుకోవడానికి వచ్చాను, ఇల్లు వదిలి రాలేదు. నన్ను అమ్మాయి అని రాశారు. మీ షాపుకి జిప్పు వేయించుకోవడానికి వచ్చిన పిల్లని అలా పిలుస్తారు. కింద "వాడి అమ్మ" అని సంతకం. మరి నాకెవరు మీరు?

ఆ సోషల్ వర్కర్ ఏమైనా అన్నారా? కోడలిని వదిలించుకోండి, మీ బతుకు మీరు చూసుకోండి అన్నారా? అలా అనే మనిషి కాదు అనుకుని మీకు పరిచయం చేశాను. మనసు తేలికపడుతుందని పెడితే, మీరు ఆవిడకి దగ్గరై నాకు దూరమైపోతున్నారా?

మీకు నా మీద కోపం ఉంటే తిట్టండి. బొమ్మకి గుడ్డ చుట్టి పంపకండి.

మీ కోడలినే


జూలై 22, సోమవారం

పిట్టా,

నీ ఉత్తరం చదివి కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను. నిన్న సాయంత్రం లైసెన్సు అమ్మాయి ఫోన్లోకి రాగానే పలకరింపు కూడా లేకుండా కడిగేశాను.

"ఏమ్మా, నేను చెప్పిన మాట మా కోడలికి చేర్చావా లేదా?"

"ఏ మాటండీ?"

"ఏ మాటేంటి? అంతసేపు చెప్పాను, నువ్వు తల ఊపావు! గది ఉంచమంటావా వద్దా అని, ఇంకా మిగతా అంతా!"

"మీరు నాతో అన్నది నేను ఎవరికీ చెప్పలేదండీ."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పకూడదు కాబట్టి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే తప్ప ఇక్కడి మాట బయటికి వెళ్ళదు. మీ కోడలు అడిగినా చెప్పను. ఆ మాట మీద నిలబడతాననే నాకు లైసెన్సు ఇచ్చారు. మొదటిరోజు చెప్పానండీ."

మొదటిరోజు నా ధ్యాసంతా కప్పు మీదే కదా.

"మరి ఆ రోజు, మీ కోడలికి ఇది తెలియాలనుకుంటున్నారా అని ఎందుకు అడిగావ్? అవునంటే మంచిదండీ అన్నావ్."

"మీరే చెబుతారు అనుకున్నాను. ఎలా చెబుతారు అని ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. అది నా పొరపాటు" అంది.

అంటే నీకసలు తెలియదు. నాకు చెప్పలేనివి ఆవిడకి చెప్పు అని నువ్వు రాస్తే, వాడి చోట్లో ఇంకో మనిషిని పెట్టావనుకున్నాను. నా మాట నీకు చేరింది, నువ్వు విని కూడా పలకడం లేదు అనుకుని రోజూ ఉడికిపోయాను.

ఆ అమ్మాయి, "ఇంతకు ముందు మీ మాటలు ఆవిడకి ఎవరు చేరవేసేవాళ్ళండీ?" అంది.

"మావాడు" అన్నాను. అన్ని వారాలు చుట్టంలా మర్యాద చేసిన మనిషి ముందు, తల స్టూలు మీద పెట్టుకుని ఏడ్చాను. ఊరుకోమని అనలేదు. ధైర్యం చెప్పలేదు. తల ఎత్తేసరికి అక్కడే ఉంది. అప్పుడు వాడి గురించి చెప్పాను. గుమ్మంలో బూట్లు వేసుకోవడం, రెంచీతో వీపు గోక్కోవడం, ఆసుపత్రి మంచం మీద "నువ్వు ఇంటికెళ్ళమ్మా, అది ఒక్కత్తే ఉంటుంది" అనడం. నీకు తెలుసా, వాడు నాతో అన్న ఆఖరి మాట నీ గురించే.

"ఆ మాట ఇప్పుడు మీరే మీ కోడలికి చెబితే?" అని అడిగింది.

"భయం" అన్నాను.

"ఏం భయం?"

"వద్దంటుందేమోనని. వాడి నోటి మీదుగా వస్తే ఎలాగో దిగమింగేదాన్ని. తిన్నగా దాని నోటి నుంచే వస్తే?"

"వద్దంటే ఏం చేస్తారు?"

ఆలోచించాను. "ఏం చేస్తాను, మర్నాడు షాపుకి వెళ్తాను" అన్నాను. నాకే నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు, "అంటే తట్టుకుంటారు" అంది.

అందుకని రాస్తున్నాను. ఆ రోజు ఆవిడతో అన్నది అన్నట్టుగా.

నా కొడుకు లేడు. నా కొడుకు వల్ల వచ్చిన పిల్ల ఇంకా నాదేనా కాదా నాకు తెలియడం లేదు. దాన్ని అడిగే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. దాని గది రోజూ తుడుస్తున్నాను. తలగడ ఎండలో వేస్తున్నాను. తిరిగొస్తానంటే ఎంత కష్టమైనా రెండు గదులూ ఉంచుతాను. ఇంకో పెళ్ళి చేసుకుంటానన్నా, ఇంకో బతుకు చూసుకుంటానన్నా అడ్డం పడను, సంతోషంగా చూస్తాను, ఒకవేళ అప్పటికి సంతోషం రాకపోతే వచ్చినట్టు నటిస్తాను. కానీ చెప్పకుండా మెల్లగా మాయమైపోవద్దని చెప్పమ్మా. వాడు అలాగే పోయాడు, జ్వరమని వెళ్ళి. రెండోసారి నావల్ల కాదు.

అదీ నేను అన్నది.

నీ పెట్టెల తాళ్ళు విప్పేశాను. ఇంకో మాట కూడా ఉంది. నా మిషను చప్పుడు వింటూ పడుకుంటే నీకు హాయిగా ఉంటుందని వాడు చెప్పాడు, అందుకే తెల్లారుజామునే లేచి గట్టిగా తొక్కేదాన్ని. ఇప్పుడు ఆ వేళకి లేచినా తొక్కబుద్ధి కావడం లేదు.

నీ అత్తయ్య


జూలై 28

అత్తయ్యా,

ఆయన ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. మిగతాది మా నర్సు చదివి వినిపించింది. తను కూడా ఏడ్చి, "మీ అత్తగారు నాక్కూడా రాస్తుందా" అని అడిగింది.

నేనూ తిన్నగా రాస్తాను. నాకూ భయంగానే ఉంది.

నేను ఆ గదిలో ఉండలేక వచ్చేశాను. మిమ్మల్ని వదిలి కాదు. ఆ గదిని వదిలి. ఆయన ఫ్యాను స్విచ్చి తలకిందులుగా బిగించాడు కదా, కిందికి నొక్కితే ఆగేలా. చీకట్లో చెయ్యి వేసిన ప్రతిసారీ తప్పు నొక్కేదాన్ని, "రేపు మారుస్తాలే" అనే గొంతు వినపడేది. మంచం కింద ఆయన బూట్లు. మీరేమో రోజూ ఆ గది తుడిచి, తలగడ ఎండలో వేసి, అచ్చం అలాగే ఉంచుతున్నారు. అది తలుచుకుంటే నాకు ఇంకా భయం వేసేది. మీకోసం తిరిగొస్తే అక్కడే పడుకోవాలి కదా అని. పడుకోలేను అని చెబితే, కొడుకు గది కూడా దీనికి బరువైపోయింది అనుకుంటారేమో అని. అందుకే గది మీ ఇష్టం అని రాశాను. నా గురించి చూడకండి అంటే, నాకోసం ఆ గదిని మొయ్యకండి అని.

గది వదిలెయ్యండి అత్తయ్యా. నన్ను వదలకండి. మేడ మీద ఒంటి గదిలో మీ మంచం పక్కన కింద పరుచుకుని పడుకుంటాను. నాకు ఆ చోటు చాలు.

పెళ్ళి, ఇంకో బతుకు, ఇవి నాకు తెలియదు. ఇప్పుడు అడిగితే లేదంటాను, అది నిజమో కాదో కూడా తెలియదు. తెలిసినరోజు ముందు మీకే చెబుతాను. మాయమైపోను. ఉద్యోగం ఇక్కడే ఇస్తే తీసుకోవాలని ఉంది, నాకీ పని నచ్చింది. దూరంగా ఉంటాను, మాయంగా కాదు. ఆ రెండూ ఒకటి కాదని మీరు ఒప్పుకోవాలి.

సామాను మార్చే రోజు చెప్పండి, సెలవు పెట్టి వస్తాను.

ఇక మీ మిషను సంగతి. నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు! "తెల్లారకుండా ఏం తొక్కుడు, తల పగిలిపోతోంది, ఆపమని మీ అమ్మకి చెప్పు" అన్నాను. "చెప్పాను" అన్నాడు. మర్నాటి నుంచి మీరు ఇంకా గట్టిగా తొక్కారు. నా మీద కక్షతోనే అనుకున్నాను.

నాకిప్పుడు ఒక అనుమానం వస్తోంది. కొత్తగా వచ్చినప్పుడు నా వంట తిని, "చెయ్యి తిరిగిన మనిషి, మన ఇంటికి ఇలాంటిదే కావాలి" అని మీరు అన్నారని చెప్పాడు. నిజంగా అన్నారా?

మీ కోడలు


ఆగస్టు 4, ఆదివారం

పిట్టా,

అనలేదు. "ఉప్పుకి ఒక కొలత లేదా ఈ పిల్లకి" అన్నాను.

వెధవ. ఎంత అబద్ధాలకోరు! మిషను దగ్గర కూర్చుని నవ్వుతుంటే మాస్టారు వచ్చి "ఏమైంది, ఏడుస్తున్నావా" అన్నాడు. రెండూ చేస్తున్నానులెండి అన్నాను. నేను ఇటునుంచి చేదు పెడితే అటువైపు తీపి చేసి ఇచ్చాడు, నువ్వు అటునుంచి పెడితే ఇటూ అంతే. మనిద్దరం ఒకరినొకరు ఎంత మంచిదో అనుకున్నాం! ఆ లైసెన్సు అమ్మాయికి చెబితే ఆవిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇక మీరు నేరుగా చెప్పుకుంటే కొంచెం చేదుగా ఉంటుంది మరి" అంది. ఉండనీ అన్నాను.

ఆవిడతో ఇంకా మాట్లాడుతున్నాను. ఇప్పుడు టీ ఒక్క కప్పే పెడుతున్నాను. వాడి గురించి సగం, మిగతా సగం మామూలు గోలే. మధ్యాహ్నం గుండె దడగా ఉండటం, షాపులో ఎవరైనా వాడి వయసు కుర్రాడు చొక్కా కొలతకి నిలబడితే నా చేతులు వణకడం. అప్పుడేం చెయ్యాలో చెప్పలేదు, వణికినప్పుడు మీరేం చేస్తున్నారు అని అడిగింది. టేపు వదిలేసి నీళ్ళు తాగుతున్నాను అన్నాను. అది మంచి పనే అంది. నేనూ అలాగే అనుకుంటున్నాను. ఏడుపు తగ్గలేదు. ఎప్పుడు వస్తుందో మాత్రం కొంచెం ముందే తెలుస్తోంది.

నీ గది సంగతి చదివి ముందు కష్టంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. తర్వాత లోపలికెళ్ళి చాలాసేపు కూర్చున్నాను. నిజం చెప్పనా? నాకూ అక్కడ ఊపిరాడదు. నీకోసం తుడుస్తున్నాను అనుకున్నాను, నువ్వేమో నాకోసం భయపడ్డావు. ఇద్దరికీ అక్కర్లేని గదిని ఇన్నాళ్ళూ ఇద్దరం మోశాం.

బూట్లు ఎవరికీ ఇవ్వను. అంతవరకు మాత్రం నన్నేం అనకు.

ఉద్యోగానికి ఒప్పుకో. దూరంగా ఉండటం, మాయమవడం ఒకటి కాదని రాశావు. నా బుర్ర ఒప్పుకుంది. మనసు ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, దానికి కొంచెం టైము ఇవ్వు. పదిహేడో తారీఖు, శనివారం మారుతున్నాం. ముందురోజే వచ్చెయ్. మేడ మెట్లు ఇరుకు, బీరువా ఎక్కదు అంటున్నాడు ఇంటాయన. విప్పి ఎక్కిద్దాం, వాడి పనిముట్లు ఉన్నాయిగా, నీకు స్క్రూలు విప్పడం వచ్చు. నువ్వు కింద పడుకోవక్కర్లేదు. నా మంచం గోడకి జరిపితే రెండోది పడుతుంది, టేపు పెట్టి కొలిచాను.

నువ్వు నాదానివేనా అని ఇంకెవరినీ అడగను. నాదానివే. నీకు ఇష్టం లేని రోజు తిన్నగా నాకు చెప్పు, దెబ్బలాడుకుందాం.

నీ నర్సుకి నా దీవెనలు. నువ్వు పంపిన ఫోటోలో చొక్కా భుజాల మీద వేలాడుతోంది. సన్నగా చెయ్యమని నాకు తెచ్చావంటే కుట్టను, ముందే చెబుతున్నాను.

నీ అత్తయ్య

రోజూ వేళకి తిను. కడుపు నిండా తిను.